వాడేవాళ్ళు: ఒక్కరు

ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లకు బయటి ప్రపంచంతో మాటల్లేవు. రోగుల వివరాలు గడప దాటకూడదని పెద్దలు ఎప్పుడో తీగ తెంపేశారు. అందుకని ఏ ప్రోగ్రాము కావాలన్నా డిస్కు మీద రావాలి. ఆ డిస్కును ఎవరో ఒకరు మోసుకెళ్ళి, కంప్యూటరు నోట్లో పెట్టి, అది నమిలి మింగేదాకా పక్కన కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరి పేరే డిస్కులమ్మాయి. అమ్మాయి అనడమేగానీ బడికెళ్ళే కూతురున్న మనిషి. భుజాన సంచీ, సంచీలో డిస్కులు, పొద్దున్నుంచీ మెట్లు ఎక్కడం, దిగడం. సాయంత్రం ఇంటికెళ్ళి మోకాళ్ళకు నూనె రాసుకుంటుంటే వాళ్ళత్తగారు, "నీది కంప్యూటరు ఉద్యోగమా, మూటలు మోసే ఉద్యోగమా?" అనేది.

ఆ బాధ తీరే రోజు వచ్చింది. రికార్డు గది మూలలో కొత్త సర్వరు పెట్టారు. అందులో రిపాజిటరీ కట్టమన్నారు. అంటే వేరే ఏం లేదు, ప్రతి ప్రోగ్రాము పాకేజీనీ ఒక్కసారి అందులోకి కాపీ చేసి పెట్టేస్తే, ఆపైన ఏ గదిలోని కంప్యూటరుకు ఏది కావాలన్నా అదే వెళ్ళి తెచ్చుకుంటుంది. ఇంటింటికీ సరుకులు మోసే బదులు అందరికీ కలిపి ఒక కొట్టు పెట్టడమన్నమాట.

డిస్కులమ్మాయి ఆ పనిలో పండగ చేసుకుంది. ఒక్కో ప్రోగ్రాముకు ఒక్కో ఫోల్డరు, ఫోల్డరు లోపల ఏ విడత ప్రోగ్రామో దాని నెంబరుతో మరో ఫోల్డరు. డిస్కు పెట్టడం, కాపీ చేయడం, కాపీ అయినదీ డిస్కులోదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కంప్యూటరు చేతే సరిచూపించడం. ఏ ప్రోగ్రామూ ఒంటరిగా రాదు. ఒకరిని భోజనానికి పిలిస్తే చుట్టాలను వెంటేసుకొచ్చే బాపతు. ఆ చుట్టాల పాకేజీలను కూడా వెతికి పట్టుకుని కాపీ చేయాలి. ఒక్క చుట్టం తగ్గినా అసలు మనిషి అలిగి కూర్చుంటుంది. అన్నీ పెట్టాక సూచిక తయారు చేయాలి. సూచికలోకి ఎక్కకపోతే పాకేజీ కొట్టులో ఉండీ లేనట్టే.

శుక్రవారం నాటికి రక్త పరీక్షల ప్రోగ్రాము డిస్కు ఒక్కటే మిగిలింది. అది పాత భవనంలో ఉన్న ల్యాబులో ఉంది. పాత భవనంలో తోవ తప్పకుండా నడిచినవాళ్ళు ఇంతవరకు లేరు. రెండు మలుపులు తిరిగేసరికి ఆమెకు దిక్కు తోచలేదు. గోడకున్న ఫోను తీసి సున్నా నొక్కింది.

"చెప్పమ్మడూ, ఎక్కడున్నావు?" అంది ఆపరేటరక్క.

"తెలిస్తే మీకెందుకు చేస్తానక్కా?"

"అదీ నిజమే. కాళ్ళకింద నేల నున్నగా ఉందా, గరుగ్గా ఉందా?"

"గరుగ్గా ఉంది."

"బట్టలుతికే మిషన్ల చప్పుడు ఎటునుంచి వస్తోంది?"

"ఎడమవైపు నుంచి."

"చప్పుడుకు వీపు పెట్టి నడువు. స్పిరిటు వాసన తగలగానే ఆగు. ఆ తలుపే."

చేరిన కొత్తలో ఇలాంటి సలహాలు వింటూ, ఈవిడ తోవ ఇలా చెబుతుందేమిటా అని డిస్కులమ్మాయి విస్తుపోయేది. ఆపరేటరక్కకు పుట్టుకతోనే చూపు లేదని ఎవరో చెప్పేదాకా తెలియలేదు. ఆ గొంతు లేకపోతే తను మొదటి వారమే ఉద్యోగం మానేసి పారిపోయేదాన్నని ఆమెకు గట్టి నమ్మకం. ఇప్పుడు కూడా స్పిరిటు వాసన తగలగానే ఆగింది. ఆ తలుపే.

డిస్కుతో తిరిగొచ్చేసరికి ఎంతమందిగారు సర్వరు ముందు నిలబడి ఉన్నారు. ఆయన అసలు హోదా మేనేజరు. ఎవరు ఏమడిగినా, కొత్త కుర్చీ అడిగినా కొత్త మందు అడిగినా, ముందుగా "ఎంతమంది?" అని అడుగుతారు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. చెడ్డవాడు కాదు. ఒక్కడి కోసం ఖర్చు పెడితే వందమందికి అన్యాయం చేసినట్టని గట్టిగా నమ్మిన మనిషి.

"అయినట్టేనా?" అన్నారు.

"అయినట్టేనండి. ఇక్కడొక సంగతి తేల్చాలి. రిపాజిటరీలో లేని ప్రోగ్రాములు కంప్యూటర్లలో ఉంటే ఉంచెయ్యనా, తీసెయ్యనా?"

"తీసెయ్యమ్మా. మళ్ళీ చెత్త ఎందుకు? ఎవరికి ఏది కావాలో చెప్పమని నోటీసు పెట్టాం కదా. లిఫ్టు పక్కన అంటించాం, కామన్ రూము కంప్యూటర్లో కూడా పెట్టాం. గడువు ఇచ్చాం. చెప్పనివాళ్ళకు అక్కర్లేదన్నమాటేగా. అడగందే అమ్మయినా పెట్టదు."

మాట సబబుగానే తోచింది. డిస్కులమ్మాయి 'తీసెయ్యి' అన్నచోట టిక్కు పెట్టింది. ఆదివారం తెల్లవారేసరికి ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నీ వాటంతట అవే కొట్టుకెళ్ళి సరుకులు తెచ్చుకుని, అక్కర్లేనివి బయట పారేసి, శుభ్రంగా స్నానం చేసినట్టు కూర్చున్నాయి.

సోమవారం ఆమె భుజాన సంచీ లేదు. పిల్లల వార్డులో ఏదో ప్రోగ్రాము కావాలంటే కుర్చీలోంచి లేవకుండానే పంపింది. నర్సమ్మ ఫోను చేసి, "వచ్చేసిందే! నువ్వు రాకుండానే వచ్చేసిందే!" అని ఆశ్చర్యపోయింది. ఆ రోజు మోకాళ్ళు నొప్పి పుట్టలేదు. ఇంటికెళ్ళి అత్తగారికి కాళ్ళు పట్టేంత ఓపిక మిగిలింది.

మంగళవారం ఒక చిన్న సంగతి జరిగింది. డిస్కులమ్మాయి ఎముకల డాక్టరుతో వాళ్ళ కంప్యూటరు గురించి మాట్లాడాలని సున్నా నొక్కి, ఇవాళ డ్యూటీలో ఎవరున్నారని అడిగింది. ఎప్పుడూ ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే ఆపరేటరక్క, "ఒక్క నిమిషం ఆగమ్మడూ" అంది. ఆ నిమిషంలో లైను పూర్తిగా మూయలేదేమో, పక్క ఫోన్లో ఆమె గొంతు లీలగా వినిపించింది. "చెల్లెమ్మా, ఎముకల వార్డేనా? ఇవాళ మీ దగ్గర ఎవరున్నారమ్మా? సరే, సరే." తర్వాత పేరు చెప్పి కలిపింది. డిస్కులమ్మాయి అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని ఫోన్లు కలిపే ఎక్స్ఛేంజి గదికి వెళ్ళింది. సంచీ బరువు దిగిన ఆనందంలో ఆపరేటరక్కతో కలిసి తిందామని. ఆ గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ లేదు. చూపులేనివాళ్ళకు కిటికీ ఎందుకని ఎవరో ఏనాడో అనుకుని ఉంటారు. లోపల బల్ల మీద ఫోన్ల పలక, పక్కన కంప్యూటరు. కంప్యూటరు తెర వెలుగుతోంది. ఆపరేటరక్క చెవిలో పెట్టుకునే తీగలు మాత్రం మెడలో వేలాడుతున్నాయి. ఆమె ముందు గళ్ళుగళ్ళుగా ఉన్న ఒక రేకు పెట్టె, కుట్టుసామాన్లు దాచుకునేది, తెరిచి ఉంది. గళ్ళలో చొక్కా బొత్తాలు.

"ఇవేంటక్కా?"

"డాక్టర్లు" అంది ఆపరేటరక్క, ఒక గడి తడుముతూ. "ఒక్కో గడి ఒక్కో వార్డు. ఈ కోటు బొత్తం పెద్ద సర్జనుగారు. ఈ రెండు కన్నాలది పిల్లల డాక్టరు. నాలుగు కన్నాలది కొత్తగా వచ్చిన అమ్మాయి. పొద్దున్నే వార్డులన్నిటికీ ఫోను చేసి కనుక్కుని పేర్చుకుంటాను. డ్యూటీ మారినప్పుడు మళ్ళీ కనుక్కుని మారుస్తాను."

"డ్యూటీ పట్టిక కంప్యూటర్లోనే ఉంటుందిగా?"

"ఉంటుంది. చదివి పెట్టేది పోయింది. సోమవారం వచ్చేసరికి లేదు. నోరున్నవాడిదే రాజ్యమంటారు, నా కంప్యూటరుకు నోరే పడిపోయింది."

డిస్కులమ్మాయి చేతిలో డబ్బా మూత సగం తెరిచి ఉంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి ఈ కంప్యూటర్లో ఉండేదన్న ఆలోచనే తనకెప్పుడూ రాలేదు. ఆ తీగలు ఫోను సామానులో భాగమనుకుంది. ఈ కంప్యూటరు ఎన్నడూ చెడిపోలేదు, చెడిపోని కంప్యూటరు జోలికి ఎవరూ వెళ్ళరు.

"మరి నాకెందుకు చెప్పలేదక్కా? మూడు రోజులైంది!"

ఆపరేటరక్క ఒక ఫోను మోగితే తీసి, మాట్లాడి, కలిపి, అప్పుడు అంది. "తీసేశారనుకున్నానమ్మడూ. పొరపాటున పోయిందనుకోలేదు. ఫోన్లకు తనే జవాబు చెప్పే మిషను కొంటారని ఏడాదిగా వింటున్నాను. ముందు నోరు తీశారు, తర్వాత నన్ను తీస్తారనుకున్నాను. అడిగితే ఆ తీసేదేదో ఇవాళే తీసేస్తారేమోనని భయం వేసింది. అందుకే ఎవరికీ తేడా తెలియకుండా నెట్టుకొచ్చాను."

"అయ్యో, అదేం కాదక్కా! ఎవరికేం కావాలో చెప్పమని నోటీసు పెట్టాం..."

ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాక ఆమెకే వినపడింది. లిఫ్టు పక్కన గోడ మీద నోటీసు. కామన్ రూము కంప్యూటర్లో నోటీసు. ఆ గోడ మాట్లాడదు, ఆ కంప్యూటరూ మాట్లాడదు. నోటీసు రాసింది ఎంతమందిగారే అయినా గోడకు అంటించింది తనే, నాలుగు మూలలా నొక్కి మరీ అంటించింది.

"ఏమైంది, తింటున్నావా లేదా?" అంది ఆపరేటరక్క.

"తినలేనక్కా. ముందు నేను చేసిన పని సరిచేసి వస్తాను."

ఎంతమందిగారు ఆమె చెప్పిందంతా ఓపికగా విన్నారు. విని, "ఎంతమంది?" అన్నారు.

"ఒక్కరేనండి."

"మూడు రోజుల్లో ఎక్కణ్ణుంచైనా ఫిర్యాదు వచ్చిందా?"

"రాలేదండి. ఎందుకంటే ఆవిడ..."

"రాలేదు కదా. అంటే అది లేకపోయినా పని నడుస్తోంది. ఆవిడ బుర్రే పెద్ద కంప్యూటరమ్మా, ఆవిడకు ప్రోగ్రామెందుకు? పైగా రిపాజిటరీలో కొత్తది చేర్చాలంటే కమిటీ ముందు పెట్టాలి. వచ్చే నెల చూద్దాం. ఎలాగూ జవాబు మిషను సంగతి కూడా అప్పుడే వస్తుంది."

డిస్కులమ్మాయికి ఒళ్ళు మండింది. ఆయన మాటలో ఎక్కడా కోపం లేదు, మెచ్చుకోలే ఉంది. మెచ్చుకుంటూనే మనిషి కాళ్ళకింద పీట లాగేస్తున్నారు. బయటికొచ్చి, మెట్లు దిగి, జరిగింది జరిగినట్టు ఆపరేటరక్కకు చెప్పింది.

ఆపరేటరక్క బొత్తం ఒకటి వేళ్ళ మధ్య తిప్పుతూ వింది. "అంటే, బాగా చెయ్యడమే నా తప్పయిందన్నమాట."

"అలాగే ఉందక్కా."

"ఫిర్యాదు రాలేదన్నారా? అలాగే అన్నారా?"

"అలాగే అన్నారు."

"సరే" అంది ఆపరేటరక్క. ఆ సరేలో ఏదో ఉంది. డిస్కులమ్మాయి అడిగినా చెప్పలేదు. "నీ డబ్బాలో కూర చల్లారిపోతోంది, తిను" అంది.

మర్నాడు పొద్దున పని మొదలైన కాసేపటికే ఎంతమందిగారి నుంచి కబురొచ్చింది. ఫోను చెడిపోయింది, వెంటనే రమ్మని. డిస్కులమ్మాయి వెళ్ళేసరికి ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో తెర మీది డ్యూటీ పట్టికను కిందికి పైకి జరుపుతున్నారు.

"చెవి డాక్టరా? ఆగండి... చెవి, చెవి... ఆ, ఉన్నారు. పేరా? ఈ అక్షరాలు ఇంత చిన్నగా ఎవరు పెట్టారు... అవునండి, మేనేజర్నే మాట్లాడుతున్నాను. ఎందుకు మాట్లాడుతున్నానంటే నాకూ తెలీదండి."

ఫోను పెట్టారో లేదో మళ్ళీ మోగింది. కళ్ళ డాక్టరు ఎవరని. అది పెడితే పళ్ళ డాక్టరు. తర్వాత ఎవరో ముసలాయన, మోకాలి నొప్పికి ఎవరిని చూడాలని అడిగి, పనిలోపనిగా తన మోకాలి కథంతా మొదటినుంచీ చెప్పాడు. మధ్యలో ఎంతమందిగారు చేత్తో సైగ చేశారు, చూడు దీని సంగతి అన్నట్టు. డిస్కులమ్మాయి ఫోను తీగ పట్టుకుని వంగి చూస్తున్నట్టు నటించింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవలసి వచ్చింది.

చివరికి ఆయనే సున్నా నొక్కారు. "ఏమిటమ్మా ఇది? అందర్నీ నాకు కలుపుతున్నారేమిటి?"

ఆపరేటరక్క గొంతు బల్ల దాటి వినిపించింది. నెమ్మదిగా, మర్యాదగా, రోజూ ఎలా మాట్లాడుతుందో అలాగే.

"ప్రాణం మీదికొచ్చిన కాల్ ఒక్కటి కూడా మీ దాకా రాదండి, అవి నేనే చూసుకుంటున్నాను. మిగతావాళ్ళు డ్యూటీలో ఎవరని అడుగుతున్నారు. పట్టిక మీ ముందుంది, చదవగలరు. నా ముందూ ఉంది, చదవలేను. ఫిర్యాదులు రాలేదన్నారటకదండీ. పంపిస్తున్నాను."

ఎంతమందిగారు కోప్పడతారని డిస్కులమ్మాయి భయపడింది. తనవల్ల అక్క ఉద్యోగం ఇక్కడితో సరి అనుకుంది. ఆయన ఫోను పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, "పదమ్మా" అని లేచారు.

ఎక్స్ఛేంజి గదిలోకి ఆయన రావడం ఇదే మొదటిసారేమో, దీపం మీట కోసం గోడంతా తడిమారు. దీపం వెలిగాక రేకు పెట్టె చూశారు. ఆపరేటరక్క అడుగుల చప్పుడు విని లేవబోతే కంగారులో ఒక బొత్తం జారి బల్లకిందికి దొర్లింది. ఎంతమందిగారు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, వెతికి, తీసి ఆమె అరచేతిలో పెట్టారు. ఆమె దాన్ని వేలితో తడిమి చూసుకుని, "పిల్లల డాక్టరు" అంది, దాని గడిలో వేసింది.

"రోజూ పొద్దున్నే అందరికీ ఫోను చేసి ఇవి పేరుస్తున్నారా?"

"పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. డ్యూటీ మారినప్పుడల్లా."

ఆయన ఎంతమంది అని అడగలేదు. "ఇంతసేపు చదివితేనే నాకు గొంతు ఎండిపోయిందమ్మా" అన్నారు డిస్కులమ్మాయితో. "ఆ ప్రోగ్రాముకు గొంతు ఎండదు కదా. పెట్టెయ్యి. కమిటీకి నేను చెప్పుకుంటాను. ఆ మిషను గోల కూడా ఇంక నా దగ్గర ఎత్తొద్దని చెబుతాను." తలుపు దగ్గర ఆగి, ఆపరేటరక్క వైపు తిరిగి, "మీరు ముందే అడిగి ఉంటే..." అన్నారు.

"అడగమని గోడకు చెప్పారండి, నాకు చెప్పలేదు" అంది ఆమె. అందులో ఎత్తిపొడుపు కంటే నవ్వే ఎక్కువ వినిపించింది. ఆయన కూడా తల దించుకునే నవ్వారు.

ఇప్పుడు డిస్కు కావాలి. డిస్కులమ్మాయి బీరువాలన్నీ గుర్తు చేసుకుంటుంటే ఆపరేటరక్క సొరుగు లాగి, రుమాలులో చుట్టిన మూట తీసింది. విప్పితే రెండు డిస్కులు. ఒక్కోదాని నడిమి కన్నంలో దారం కట్టి ఉంది, ఒకదానికి ఒక ముడి, రెండోదానికి రెండు.

"నీకు ముందున్న అబ్బాయి వెళ్ళిపోతూ ఇచ్చాడు. 'అక్కా, ఇది మీ నోరు, జాగ్రత్తగా దాచుకోండి' అన్నాడు. దాచుకున్నాను."

డిస్కులమ్మాయి ఆ దారాలు విప్పలేక విప్పింది. మొదటి డిస్కు చక్కగా కాపీ అయింది. రెండోదానిలో గొంతు ఉంది. ప్రోగ్రాము ఎక్కినా ఆ గొంతు పాకేజీ లేకపోతే మూగదే. అది సగం దాకా వచ్చి గిర్రున తిరిగి ఆగిపోయింది. మెత్తని గుడ్డతో నడిమినుంచి అంచుకు తుడిచింది. ఆగిపోయింది. రికార్డు గదిలో, మందుల గదిలో, పిల్లల వార్డులో ఉన్న కంప్యూటర్లన్నిటి నోళ్ళూ చూసింది, అన్నీ ఉమ్మేశాయి. సంచీ మళ్ళీ భుజానికెక్కింది, మోకాళ్ళు మళ్ళీ మూలిగాయి. ఈసారి ఆ మూలుగు ఆమెకు వినపడలేదు. ఇది చదవకపోతే అక్కకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలన్నదే ఆలోచన. చివరికి ఎక్స్‌రే గదిలో అందరూ తిట్టుకునే ముసలి కంప్యూటరు ఒకటి, గురగురలాడుతూ, దగ్గుతూ, ఒక్కో ముక్కే చదివి మొత్తం అప్పజెప్పింది. ఆమె దాని నెత్తిమీద చేయి వేసి నిమిరింది. చూసిన ఎక్స్‌రే అబ్బాయి ఏమనుకున్నాడో ఏమో.

కాపీని సరిచూసింది, ఎక్కడా తేడా లేదు. పరుగున వచ్చి ఎక్స్ఛేంజి కంప్యూటర్లో పెట్టబోతే, అలాంటి ప్రోగ్రామేదీ కొట్టులో లేదంది. నెత్తి కొట్టుకుంది. తొందరలో సూచిక మళ్ళీ కట్టడమే మరిచిపోయింది. కట్టింది. ఈసారి దొరికింది, దిగింది, ఎక్కింది.

తీగల్లోంచి ఒక గొంతు గడగడా మొదలుపెట్టింది. ఎంత వేగమంటే డిస్కులమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆపరేటరక్క మాత్రం తల పక్కకు వంచి వింటూ, రెండు చేతుల వేళ్ళతో పెట్టెలోని గళ్ళు ఒక్కొక్కటే తడుముతూ పోయింది. పట్టికనూ బొత్తాలనూ సరిచూసుకుంటోంది. అన్నీ కలిశాయి. ఒక్క కంటి డాక్టరు దగ్గర ఆగి, "మారాడట, ఎవరూ చెప్పనేలేదు" అని బొత్తం తీసి వేరేది పెట్టింది. ఆ తర్వాత పెట్టె మూత మూసింది. మూత మీద చేతులు పెట్టుకుని కూర్చుంది, కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"నన్ను క్షమించండక్కా" అంది డిస్కులమ్మాయి.

"ఎందుకమ్మడూ? పోగొట్టినవాళ్ళను చాలామందిని చూశాను. తెచ్చి ఇచ్చినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

"మళ్ళీ పోదక్కా, ఆ భయం వద్దు. ఇప్పుడిది రిపాజిటరీలో ఉంది. ఈ కంప్యూటరు చెడిపోయినా ఇంకోదాంట్లోకి వచ్చేస్తుంది. ఆసుపత్రిలో ఏ కంప్యూటరుకైనా వస్తుంది."

"ఏ కంప్యూటరుకైనానా?"

"ఏ కంప్యూటరుకైనా."

ఫోను మోగితే ఆపరేటరక్క తీసింది.

శుక్రవారం మధ్యాహ్నం డిస్కులమ్మాయి సర్వరు ముందు కూర్చుని ఉంది. భోజనాల వేళ, ఎక్స్ఛేంజిలో వేరే ఆమె కూర్చునే సమయం. తెర మీద ఒక జవాబు వచ్చి పడింది. ఎప్పుడో గడువు దాటిన నోటీసుకు జవాబు. పై వరసలో 'మీరు వాడే ప్రోగ్రాము' అన్నచోట, 'చదివి వినిపించేది' అని ఉంది. కింద 'ఎంతమంది వాడతారు' అన్నచోట, 'ఒక్కదాన్ని. సరిపోతుందా?' అని ఉంది.

ఆమె దాన్ని రెండోసారి చదువుతుండగా ఫోను మోగింది.

"అందిందా అమ్మడూ? నర్సమ్మ చేత ఇక్కడి కంప్యూటర్లోకి నా నోరు తెప్పించుకుని, నోటీసు ఇప్పుడే చదివాను. గోడకు బానే రాశారే."

"అందిందక్కా. ఎక్కడున్నారు మీరు?"

"నువ్వే చెప్పు చూద్దాం. కాళ్ళకింద నేల నున్నగా ఉంది. టీ వాసన వస్తోంది. పక్కన నర్సమ్మలు ఎవరిమీదో చాడీలు చెప్పుకుంటున్నారు, నేను విననట్టు వింటున్నాను. మోకాళ్ళ మీద ఎండ పడుతోంది."

డిస్కులమ్మాయి కళ్ళు మూసుకుంది. నున్నటి నేల, టీ, ఎండ.

"కామన్ రూము" అంది. "కిటికీ పక్క కుర్చీ."

"ఆ కుర్చీయే" అంది ఆపరేటరక్క. "పక్కది ఖాళీగా ఉంది. డబ్బా తీసుకుని రా."